న్యాయసూత్రంతో మీ భూమి తగాదాను మీరే పరీక్షించుకోవడం ఎలా?

"నోటీసులో 'నెమో డాట్' అని రాశారండి, అంటే మనం గెలిచినట్టేనా?" "పన్నెండేళ్లు దాటితే చేను సాగు చేసేవాడిదైపోతుందటగా?" "ముందు రిజిస్ట్రేషన్ ఎవరిదైతే పొలం వాళ్లదే, అంతే కదండీ?" అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్నవి ఈ మూడే. 'నెమో డాట్' అంటే లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరనే లాటిన్ సూత్రం. మొదటి దానికి జవాబు 'కాదు'. మిగతా రెండింటికీ 'అన్నిసార్లూ కాదు'.

కోర్టులో వినిపించే లాటిన్ సూత్రాలు గానీ, మన స్మృతుల్లోని శ్లోకాలు గానీ వాటంతట అవి దావా గెలిపించవు. తీర్పు నిలబడేది చట్టంలోని సెక్షన్ మీద, మీరు దాఖలు చేసిన కాగితం మీద. అయినా వాటిని నేర్చుకోమనే చెబుతాను. మీ కాగితాలను ఏ ప్రశ్న అడగాలో సూత్రం చెబుతుంది. ఆ ప్రశ్న ముందే అడుక్కున్నవాళ్లు వకీలు దగ్గరికి సగం పని పూర్తిచేసుకుని వెళ్తారు. అడగనివాళ్లు ఏళ్లపాటు వాయిదాలు తిరిగాక, మొదటి రోజే తెలియాల్సిన సంగతి చివర్లో తెలుసుకుంటారు.

కింద చెప్పేది గోదావరి డెల్టాలో మామూలుగా వచ్చే సివిల్ తగాదాల గురించి: చేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, లంకలు, ప్రోనోట్లు, తాకట్లు. ఇది వకీలుకు బదులు కాదు. వకీలు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేసుకోవాల్సిన పని.

కావలసినవి

మీ దస్తావేజు, దాని వెనకటి లింకు దస్తావేజులు. కనీసం ముప్పై ఏళ్ల వెనక్కి దొరికితే మంచిది.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం). 1983 నుంచి ఇటువైపువి ఆన్‌లైన్‌లో వస్తాయి. అంతకు ముందువి రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి.

అడంగల్ (సాగు, అనుభవం వివరాల రికార్డు), 1బీ (భూమి ఖాతా రికార్డు), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం). రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్పీఎం (రీసర్వే భూపటం) నంబరు కూడా.

శిస్తు రసీదులు, నీటితీరువా రసీదులు, కౌలు కాగితాలు. సంతకం ఉన్న ప్రతి చిన్న చీటీ పనికొస్తుంది.

కుటుంబ వృక్షం. కూతుళ్లను వదిలేయకండి. పుట్టిన, పోయిన, పెళ్లయిన తేదీలు తెలిసినంతవరకు రాయండి.

చట్టం పాఠం. ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. మీకు ఎక్కువగా కావలసినవి: 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం, 1963 నాటి లిమిటేషన్ చట్టం, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్.

1. తగాదాను ఒకే వాక్యంలో రాయండి

ఎవరు, ఏ ఆస్తి మీద, ఎప్పుడు, ఏం చేశారు, మీకేం కావాలి. అంతే. "మా చిన్నాన్నగారు మొదటినుంచీ మమ్మల్ని అన్యాయం చేస్తున్నారు" అనేది తగాదా కాదు, బాధ. "మా నాన్న వాటా 60 సెంట్లు కలిపి చిన్నాన్నగారు 2021లో వేరే ఊరివాళ్లకు అమ్మేశారు, మా వాటా మాకు విడగొట్టి ఇప్పించాలి" అనేది తగాదా. రెండో రకంగా రాయలేకపోతే ఇంకా కాగితాలు చదవాల్సి ఉందన్నమాట. రాసేదాకా రెండో మెట్టుకు వెళ్లకండి.

2. తేదీల పట్టిక వేయండి

అందరూ వదిలేసేది ఇదే. దావాలు ఎక్కువగా చచ్చేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

సూత్రం: 'విజిలాంటిబస్ నాన్ డార్మియెంటిబస్ జురా సబ్‌వేనియుంట్'. మెలకువగా ఉన్నవాళ్లకే చట్టం తోడు, నిద్రపోయేవాళ్లకు కాదు. యాజ్ఞవల్క్య స్మృతి కూడా 'పశ్యతోఽబ్రువతో భూమేర్హానిర్వింశతివార్షికీ' అంది. తన భూమిని పరులు అనుభవిస్తుంటే చూస్తూ నోరెత్తనివాడికి ఇరవై ఏళ్లకు నష్టం అని. అది అప్పటి లెక్క. ఇప్పటి లెక్క లిమిటేషన్ చట్టంలో ఉంది:

అడగ్గానే ఇస్తానని రాసిన ప్రోనోటుకు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు.

అమ్మకం అగ్రిమెంటును అమలు చేయించడానికి, అందులో గడువు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి 3 ఏళ్లు. లేకపోతే ఎదుటివారు రాయనన్నారని మీకు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు.

దస్తావేజు రద్దు కోరడానికి, రద్దుకు కారణమైన సంగతులు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు.

మీరు మైనరుగా ఉండగా గార్డియన్ అమ్మిన ఆస్తి మీద, మేజరయ్యాక 3 ఏళ్లు.

హక్కు ఆధారంగా స్వాధీనం కోరడానికి, ఎదుటివారి అనుభవం మీ హక్కుకు వ్యతిరేకంగా మారిన నాటి నుంచి 12 ఏళ్లు.

మిమ్మల్ని చట్టప్రకారం కాకుండా చేలోంచి దింపేస్తే, హక్కు ఎవరిదన్న ప్రశ్న లేకుండానే స్వాధీనం తిరిగి అడగడానికి 6 నెలలు. ఇది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్. ప్రభుత్వం మీద ఈ దావా కుదరదు.

ఇప్పుడు పొరపాట్లు చూద్దాం.

లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందనుకోవడం మొదటిది. ఆగదు. తహశీల్దారుకు పెట్టిన అర్జీ, పోలీస్ స్టేషన్లో ఇచ్చిన కాగితం కూడా ఆపవు. పెద్దమనుషుల్లో కూర్చున్న కాలం కూడా అంతే. మన ఊళ్లలో పెద్దమనుషుల మాట మీద గౌరవం ఎక్కువ, అది మంచిదే. పంట చేతికొచ్చాక మాట్లాడదాం, పండగ వెళ్లాక మాట్లాడదాం అంటూ మూడేళ్లు దాటిపోతే మాత్రం ఆ పెద్దమనుషులెవరూ మీ గడువును వెనక్కి తేలేరు. రాజీ మాటలు సాగనివ్వండి, దావా మాత్రం తేదీ లోపల వేయండి. రాజీ కుదిరితే దావాలోనే రాజీ డిక్రీ తీసుకోవచ్చు.

రెండోది, ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగొచ్చనుకోవడం. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆ వెసులుబాటు అప్పీళ్లకు, కొన్ని దరఖాస్తులకు ఉంది. దావాకు లేదు. ఎదుటివాళ్లు ఆ అభ్యంతరం ఎత్తకపోయినా, గడువు దాటిన దావాను కోర్టే కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతోంది.

మూడోది ప్రోనోటు వెనక చెల్లు. అప్పు ఇచ్చినవారే "ఫలానా తేదీన 500 జమ" అని రాసుకుంటే గడువు పొడగదు. ఆ జమ అప్పు తీసుకున్నవారి చేతిరాతలో ఉండాలి, లేదా దాని కింద వాళ్ల సంతకం ఉండాలి. అదీ మొదటి మూడేళ్లు ముగియకముందే. గడువు దాటాక కూడా "తీరుస్తాను" అని స్పష్టంగా రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త వాగ్దానంగా నిలుస్తుంది. ఉత్త నోటిమాట నిలవదు.

నాలుగోది పన్నెండేళ్ల మాట. ఎంతకాలం సాగు చేసినా కౌలుదారు అనుభవం యజమానికి వ్యతిరేకం కాదు, అనుమతితో వచ్చినది కనుక. సాగుదారుకు ఇచ్చే సీసీఆర్‌సీ కార్డు మీద సంతకం పెడితే చేను పోతుందని చాలామంది భయపడుతున్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద అది 11 నెలలకు పంట మీద ఇచ్చే కార్డు, భూమి మీద హక్కు కాదు. దయచేసి సంతకం పెట్టండి, ఆ కార్డు లేక పంట నష్టపరిహారం, పంట రుణం పోగొట్టుకునేది చేను దున్నేవాళ్లు. ఉమ్మడి ఆస్తిలోనూ ఇంతే. అన్నగారు ఒక్కరే దున్నుతున్నా అందరి తరఫున దున్నుతున్నట్టే లెక్క. "నీకు వాటా లేదు పో" అని బాహాటంగా కాదన్న నాటి నుంచే పన్నెండేళ్లు మొదలవుతాయి. ఆ 'కాదన్న తేదీ' మీ పట్టికలో ఉండాలి.

సరిచూసుకోవడం ఇలా: పట్టికలో ప్రతి తేదీ ఎదురుగా అది ఏ కాగితంలో ఉందో రాయండి. కాగితం లేని తేదీ ఎదురుగా సాక్షి ఎవరో రాయండి. రెండూ లేని తేదీని ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి, వకీలుకు మొదట చూపించాల్సింది అదే.

3. మీ తగాదాకు సరిపోయే సూత్రం పట్టుకోండి

డజన్ల కొద్దీ సూత్రాలున్నాయి. డెల్టాలో పదేపదే పనికొచ్చేవి ఇవి. మీకు తగిలేది ఒకటో రెండో ఉంటాయి, అన్నీ అతికించడానికి చూడకండి.

అమ్మినవారికి హక్కు ఉందా? 'నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్'. లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు. నలుగురు వాటాదారుల్లో ఒకరు అమ్మితే కొన్నవారికి వచ్చేది ఆ ఒక్క వాటానే (ఆస్తి బదలాయింపు చట్టం, 44వ సెక్షన్). ఇక్కడ ఎక్కువగా మరచిపోయేది ఆడపిల్లల వాటా. 2005 సవరణతో పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉండకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. మన రాష్ట్రంలో అయితే 1986 నాటి సవరణే, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ముందుగా ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిపోయిన అమ్మకాలను, రిజిస్టరు పంపకాలను 2005 సవరణ కదపదు. కాబట్టి మీరు కొంటున్నా, అమ్ముతున్నా, వాటా అడుగుతున్నా మొదట రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది పిత్రార్జితమా, స్వార్జితమా? అమ్మకం ఏ తేదీది? తండ్రి స్వార్జితమైతే బతికుండగా ఆయన ఇష్టం.

ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి. అసలు యజమాని సమ్మతితో పైకి యజమానిలా కనిపిస్తున్నవారి దగ్గర, తగిన విచారణ చేసి, డబ్బిచ్చి కొన్నవారిని 41వ సెక్షన్ కాపాడుతుంది. తనకు హక్కుందని అబద్ధం చెప్పి అమ్మినవారికి తర్వాత నిజంగానే హక్కు వస్తే, అది కొన్నవారికి చెందేలా 43వ సెక్షన్ చూస్తుంది. ఎదుటివారు ఈ రెండింట్లో దేన్నైనా ఎత్తుతారేమో ముందే చూసుకోండి.

ఇద్దరికి అమ్మితే ముందు ఎవరు? 'క్వి ప్రయర్ ఎస్ట్ టెంపోర్, పోటియర్ ఎస్ట్ జ్యూరే'. కాలంలో ముందున్నవారికి హక్కులోనూ ముందుచోటు. యాజ్ఞవల్క్యుడు ఇదే మాటను ఇంకా నిక్కచ్చిగా చెప్పాడు: 'సర్వేష్వర్థవివాదేషు బలవత్యుత్తరా క్రియా, ఆధౌ ప్రతిగ్రహే క్రీతే పూర్వా తు బలవత్తరా'. మిగతా ధన వివాదాల్లో తర్వాతి చర్యకు బలం, తాకట్టు, దానం, కొనుగోలు ఈ మూడింట్లో మాత్రం ముందుదానికి. నేటి ఆస్తి బదలాయింపు చట్టంలో ఇది 48వ సెక్షన్.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'ముందు' అంటే ముందు రిజిస్టరైనది కాదు, ముందు రాసి సంతకం పెట్టినది. రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన దస్తావేజు, రాసిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు నాలుగు నెలల గడువుంది, జరిమానాతో మరో నాలుగు నెలలు. అంటే జనవరి 10న రాసుకుని మార్చిలో రిజిస్టరు చేయించుకున్న దస్తావేజు, ఫిబ్రవరి 1న రాసి అదే రోజు రిజిస్టరైన దస్తావేజును ఓడిస్తుంది. ఫిబ్రవరిలో ఈసీ తీస్తే జనవరిది కనిపించదు. అందుకే ఈసీ ఒక్కటే చూసి బయానా ఇవ్వకండి. చేలోకి వెళ్లి ఎవరు దున్నుతున్నారో చూడండి, గట్టు పక్క రైతును అడగండి, మూల దస్తావేజులు అసలువి చేతికి ఇమ్మనండి. అసలు దస్తావేజు ఎక్కడో ఉందని చెప్పి జిరాక్సు చూపిస్తుంటే ఆగండి.

దావా నడుస్తుండగా కొన్నారా? 'పెండెంటె లైట్ నిహిల్ ఇన్నోవేటర్'. దావా సాగుతుండగా కొత్త మార్పు తేకూడదు. ఆస్తి బదలాయింపు చట్టం 52వ సెక్షన్ ప్రకారం, దావాలో ఉన్న భూమిని కొన్నవారిని ఆ డిక్రీ కట్టేస్తుంది, దావా సంగతి తెలియకపోయినా సరే. నడుస్తున్న దావా మామూలుగా ఈసీలో కనిపించదు. ఈకోర్ట్స్ సైటులో అమ్మేవారి పేరుతో, వాళ్ల తండ్రి పేరుతో, ఇంటిపేరు రకరకాల స్పెల్లింగులతో వెతకండి. చేను ఏ కోర్టు పరిధిలో ఉందో ఆ కోర్టులోనే కాకుండా జిల్లా కోర్టులోనూ చూడండి.

పక్క చేలో రొయ్యల చెరువు వేశారా? 'సిక్ యుటెరె టుఒ ఉట్ ఎలీనమ్ నాన్ లేడాస్'. నీ ఆస్తిని పరులకు హాని కలగని రీతిలో అనుభవించు. రిజర్వాయరులో నిలవేసిన నీరు బయటపడి పొరుగువారికి నష్టం చేస్తే నిలవేసినవారిదే బాధ్యత అని 1868లో ఇంగ్లండు ప్రభువుల సభ రైలాండ్స్ కేసులో చెప్పింది. మన దగ్గర ఉప్పునీటి చెరువుల మీద 1996లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు కఠినంగా తీర్పిచ్చింది. తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. సముద్రం, నది, క్రీకుల పోటురేఖ నుంచి 2 కిలోమీటర్ల లోపలి ప్రాంతానికి అది వర్తిస్తుంది. రాష్ట్రంలో 2020 నుంచి ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం కూడా ఉంది. చెరువుకు అనుమతి ఉందో లేదో మత్స్యశాఖలో సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి.

ఇక్కడ ఎదుటివాళ్లు తప్పకుండా ఒక మాట అంటారు: "మా చేను మెరక, మీది పల్లం, నీరు పల్లానికి పారడం సహజం." మెరక చేలో సహజంగా పడిన, ఊరిన నీరు పల్లపు చేలోకి సహజంగా పారే హక్కును ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ గుర్తిస్తుంది, నిజమే. మోటారుతో తెచ్చి నింపిన ఉప్పునీరు ఊటగా వస్తే అది సహజంగా పడిన నీరు కాదు. మీ జవాబు ఇదే. దీనికి రుజువు సేకరించే విధానం మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చెరువు గట్టుకు దగ్గర ఒకచోట, చేను మధ్య ఒకచోట, దూరపు గట్టు దగ్గర ఒకచోట మట్టి తీసి భూసార పరీక్ష కేంద్రంలో ఉప్పు శాతం చూపించండి. దగ్గర ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ అని తేలితే ఉప్పు ఎటునుంచి వస్తోందో ఆ కాగితమే చెబుతుంది. ఒక్కచోట మాత్రమే తీస్తే "మీ నేల మొదటినుంచీ చౌడే" అంటారు. చెరువు తవ్వకముందు చేసిన పరీక్ష కాగితం, పాత దిగుబడి లెక్కలు ఉంటే బంగారం. దావా వేశాక అడ్వకేట్ కమిషనర్‌ను పంపి చేను పరీక్షించమని కోర్టును కోరవచ్చు. పంట కాలం దాటితే ఆనవాళ్లు పోతాయి కాబట్టి ఆ దరఖాస్తు దావాతో పాటే వేయమని వకీలుగారికి గుర్తు చేయండి.

పరుల నేలలో చెట్టు నాటితే? 'క్విక్విడ్ ప్లాంటాటుర్ సోలో, సోలో సెడిట్'. నేలలో నాటినది నేలదే. ఇది మన దేశంలో ఇంగ్లండులో ఉన్నంత ఖచ్చితంగా నడవదు. 1866లోనే కలకత్తా హైకోర్టు ఆ సంగతి చెప్పింది. నేల తనదేనని మనస్ఫూర్తిగా నమ్మి కొబ్బరి వేసి పెంచినవారిని ఖాళీ చేయించాలంటే, ఆ పెంపకం విలువ కట్టివ్వాలి లేదా నేలను వాళ్లకే అమ్మాలి (ఆస్తి బదలాయింపు చట్టం, 51వ సెక్షన్). కౌలుదారుకు ఈ సెక్షన్ ఉపయోగపడదు, నేల తనది కాదని ఆయనకు తెలుసు కనుక. తోట కౌలుకు తీసుకుని మొక్క నాటేవారు, ఆ చెట్లు ఎవరివో కౌలు కాగితంలోనే రాయించుకోవాలి.

అప్పుకు పొలం రాసిచ్చారా? 'ఒకసారి తాకట్టు అయితే ఎప్పటికీ తాకట్టే'. బాకీ తీర్చి విడిపించుకునే హక్కును ఏ షరతూ మింగేయకూడదు (అదే చట్టం, 60వ సెక్షన్). ఈ సూత్రం విని చాలామంది ధైర్యపడతారు, కానీ వాళ్ల చేతిలో ఉన్నది తాకట్టు పత్రం కాదు. శుద్ధ విక్రయ దస్తావేజు రాసిచ్చి, "బాకీ తీర్చాక తిరిగి రాసిస్తాను" అని వేరే కాగితం తీసుకుంటారు. తిరిగిచ్చే షరతు అదే దస్తావేజులో ఉంటేనే తాకట్టుగా లెక్కలోకి వస్తుందని 1929 సవరణ చెబుతోంది. వేరే కాగితంలో ఉంటే అది తిరిగి అమ్మే ఒప్పందం మాత్రమే, అందులోని గడువు ఒక్కరోజు దాటినా చిక్కే. అప్పు కావాలంటే తాకట్టు దస్తావేజే రిజిస్టరు చేయించండి. స్టాంపు ఖర్చు తగ్గుతుందనో, ఇచ్చేవారు ఒప్పుకోరనో అమ్మకం రాయకండి.

సర్వే నంబరు తప్పు పడిందా? 'ఫాల్సా డెమాన్‌స్ట్రేషియో నాన్ నోసెట్'. ఆస్తి ఏదో స్పష్టంగా తెలుస్తున్నప్పుడు వర్ణనలో తప్పు చెరుపు చేయదు. 1963లో రిపోర్టయిన శివధ్యాన్ సింగ్ కేసులో ప్లాటు 1060కి బదులు 160 పడింది, మిగతా వివరాలు సరిపోయాయి కనుక సుప్రీంకోర్టు దాన్ని ఉత్త పొరపాటుగానే చూసింది. హద్దులకు, విస్తీర్ణానికి పొసగనప్పుడు మామూలుగా హద్దులకే బలం. రీసర్వేలో నంబర్లు మారిన ఊళ్లవాళ్లు దస్తావేజు హద్దులను ఎల్పీఎం పటంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి. తప్పు కనిపిస్తే అమ్మినవారు బతికుండగానే సవరణ దస్తావేజు రాయించండి. వాళ్లు రాకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ ఉంది.

లంక భూమా? నదీగర్భం ప్రభుత్వానిదని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 2వ సెక్షన్ చెబుతుంది. 'రాజుకు కాలదోషం లేదు' అనే పాత సూత్రం ఇక్కడ సగమే నడుస్తుంది. ప్రభుత్వానికీ గడువుంది, అది 30 ఏళ్లు. అంతకాలం అందరికీ తెలిసేలా, ఎడతెగకుండా, ప్రభుత్వ హక్కును కాదంటూ అనుభవించినట్టు రుజువు చేయడం చాలా కష్టం. లీజు కట్టిన రసీదు ఒక్కటి ఉన్నా ఆ వాదన పోతుంది. కొనేముందు 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడండి. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి (సివిల్ ప్రొసీజర్ కోడ్, 80వ సెక్షన్).

4. సూత్రం పక్కన సెక్షన్, సెక్షన్ పక్కన మినహాయింపు రాయండి

మూడు గళ్ల కాగితం చాలు. మొదటి గడిలో సూత్రం, రెండో గడిలో సెక్షన్, మూడో గడిలో "ఇది ఎప్పుడు నడవదు". మూడో గడి ఖాళీగా ఉంటే పని కాలేదనే అర్థం, సెక్షన్ పాఠం మళ్లీ చదవండి. 'అయితే', 'కానీ', 'మినహా' అనే మాటల తర్వాత వచ్చే భాగమే మీకు అసలు కావలసింది.

సెక్షన్ దొరకని సూత్రాన్ని పక్కన పెట్టండి. ఉదాహరణకు, 'ఒక్కదాంట్లో అబద్ధమాడితే అన్నింట్లో అబద్ధమే' అనే సూత్రం మీద చాలామంది ఆశ పెట్టుకుంటారు. సాక్షి ఒక్కచోట తడబడితే కేసు మనదే అనుకుంటారు. ఆ సూత్రం మన దేశంలో చట్టం కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది, సాక్ష్యంలో నిజం ఎంత, అబద్ధం ఎంత అని కోర్టు వేరుచేసి చూస్తుంది.

5. ప్రతి మాటకూ కాగితం కట్టండి

చెప్పినవారే రుజువు చేయాలి. గతంలో సాక్ష్య చట్టం 101వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 104వ సెక్షన్. అడంగల్‌లో పేరుంది, పాసుపుస్తకం ఉంది కాబట్టి హక్కు రుజువైపోయిందనుకోకండి. అవి అనుభవానికి, శిస్తుకు ఆసరా కాగితాలు. హక్కు తేల్చేది సివిల్ కోర్టు. జీపీఏ (మరొకరి తరఫున వ్యవహరించే అధికార పత్రం), అగ్రిమెంటు పట్టుకుని "కొన్నాను" అనేవారు 2011 నాటి సూరజ్ ల్యాంప్ తీర్పు గురించి వకీలును అడగండి. అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే పూర్తవుతుంది.

6. ఎదుటివారి వైపు కూర్చుని మీ మీద సూత్రం వేసుకోండి

ఇది మనసుకు కష్టమైన మెట్టు. అయినా దాటకండి.

ఇదే తగాదా ఇంతకు ముందు కోర్టులో తేలిందా? తేలితే 'రెస్ జుడికాటా', సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ కింద మళ్లీ వేయలేరు. పాత దావాలో అడగగలిగి ఉండి అడగని అంశమూ ఇందులోకే వస్తుంది. మీ తాతగారి కాలం నాటి దావా అయినా సరే, ఆ తీర్పు కాపీ తీయించండి.

మీ చేతులు శుభ్రంగా ఉన్నాయా? 'ఇన్ పారి డెలిక్టో'. ఇద్దరిదీ సమాన తప్పయితే కోర్టు అడిగినవారికి సాయం చేయదు. అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవడానికి బంధువు పేర రాసిన ఉత్తుత్తి దస్తావేజు ఇలాంటిది. 1962లో రిపోర్టయిన ఇమ్మని అప్పారావు కేసులో, అలాంటి దస్తావేజు ఆధారంగా స్వాధీనం అడిగినవారి దావాను సుప్రీంకోర్టు నిలవనివ్వలేదు. ఇద్దరూ మోసంలో భాగస్వాములైనప్పుడు ఏ తీర్పుతో ప్రజాహితానికి తక్కువ హాని జరుగుతుందో చూడాలంది. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు పంచిన భూమి) కొన్నవారు, ఇంకొకరి పేర కొన్నవారు ఈ సంగతి వకీలు దగ్గర దాచకండి. మీరు దాచినది ఎదుటివారి జవాబు దావాలో తప్పకుండా బయటపడుతుంది.

7. ఒక్క పేజీ నోటు రాయండి

ఈ వరసలో రాస్తే వకీలుకు చదవడం తేలిక:

"తగాదా: మా తూర్పు గట్టును ఆనుకుని 2022 వేసవిలో రొయ్యల చెరువు తవ్వారు, ఉప్పు ఊటతో 40 సెంట్ల వరి పోయింది. కావలసింది: ఊట ఆపే నిషేధాజ్ఞ, నష్టపరిహారం. ముఖ్య తేదీలు: చెరువు తవ్వినది, మొదట ఊట కనిపించినది, అర్జీ ఇచ్చినది, మట్టి పరీక్ష చేయించినది. సెక్షన్: ఈజ్‌మెంట్ల చట్టం 7. వాళ్లు అనబోయేది: నేల మొదటినుంచీ చౌడు. మా దగ్గరున్నది: మూడుచోట్ల మట్టి పరీక్షలు, చెరువుకు ముందటి దిగుబడి రసీదులు. లేనిది: చెరువు తవ్వకముందటి మట్టి పరీక్ష."

'లేనిది' అనే వరసను తప్పకుండా రాయండి.

8. సరిచూసుకోండి

నోటును తగాదాతో సంబంధం లేని ఒకరికి ఇవ్వండి. చదివాక మీకేం కావాలో వాళ్లు ఒక్క ముక్కలో చెప్పగలగాలి. తర్వాత వకీలు దావా ముసాయిదా ఇచ్చినప్పుడు మూడు చూడండి. ఒకటి, షెడ్యూలు హద్దులు దస్తావేజుతో సరిపోయాయా. రెండు, దావాకు కారణం పుట్టిన తేదీ మీ పట్టికలోని తేదీయేనా. మూడు, అడిగిన ఉపశమనం సరైనదేనా. ఎదుటివారు మీ హక్కునే గట్టిగా కాదంటుంటే, హక్కు ప్రకటన కోరకుండా ఉత్త ఇంజంక్షన్ దావా వేస్తే చిక్కని 2008లో అనాతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. కోర్టు ఫీజు తగ్గుతుందని ఇంజంక్షన్‌తో సరిపెడితే ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికొస్తారు.

వకీలు ఫీజు భరించలేనివాళ్లు మీ కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, వరద బాధితులకు కూడా ఉచితంగా వకీలును ఇస్తారు. గోదావరి వరదలో పంటా ఇల్లూ పోయినవాళ్లు తాము ఈ జాబితాలో ఉన్నామని తెలియక వెనక్కి తగ్గుతున్నారు, మీ ఊళ్లో అలాంటివారుంటే చెప్పండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించవచ్చు. ఒక్క జాగ్రత్త: అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సంతకానికి ముందు అవార్డును పూర్తిగా చదివించుకుని వినండి. షెడ్యూలు నంబర్లు, హద్దులు, సెంట్లు, డబ్బు చెల్లించాల్సిన తేదీ మీ నోటుతో ఒక్కొక్కటిగా సరిచూసి, తేడా ఉంటే దిద్దించాకే కలం పట్టండి.